పీహెచ్ (దివ్యాంగుల) కోటాలో ప్రభుత్వ ఉద్యోగం: సదరం కాగితం నుంచి ఫిర్యాదు దాకా ఏ పని ఎలా చేయాలి

"సదరం సర్టిఫికెట్ ఉందండీ, మరి ఉద్యోగం ఎలా వస్తుంది?" ఈ ప్రశ్న డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్న పిల్లలూ అడుగుతారు, వాళ్ల తల్లిదండ్రులూ అడుగుతారు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. అది ఉన్నంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ నియామకాల్లో కనీసం 4 శాతం పోస్టులు కేటాయించాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో అయినా తెలంగాణలో అయినా అది మొక్కుబడి మాట కాదు, ప్రభుత్వం కట్టుబడాల్సిన లెక్క. ఆ లెక్కలో మీ పోస్టు ఎక్కడుందో వెతకడం, లేకపోతే ఎందుకు లేదో కాగితం మీద చెప్పించడం నేర్చుకోవాలి. ఈ వ్యాసం అందుకే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు (రెండూ ఉంటే రెండూ)
- పదో తరగతి మెమో, ఆ తర్వాత చదివిన వాటి మెమోలు, ఒరిజినల్ డిగ్రీ
- 1 నుంచి 10 దాకా ఏ ఊళ్లో చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు. లోకల్ అభ్యర్థి అవునో కాదో వీటితోనే తేలుతుంది
- ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం
- మీ పేరుతోనే ఉన్న ఈమెయిల్, మారకుండా ఉండే ఫోన్ నంబరు. నెట్ సెంటర్ వాళ్ల నంబరు ఇవ్వకండి, ఓటీపీ, హాల్ టికెట్ మెసేజ్ అన్నీ వాళ్లకే వెళ్తాయి

1. మీ వైకల్యం ఉద్యోగ కోటాలో ఉందో లేదో తేల్చుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. కానీ ఉద్యోగ రిజర్వేషన్ ఆ 21కీ లేదు. 34వ సెక్షన్ ప్రకారం 4 శాతం ఇలా పంచుతారు:

- అంధత్వం, తక్కువ చూపు: 1 శాతం
- చెవుడు, వినికిడి లోపం: 1 శాతం
- కాళ్లు చేతుల వైకల్యం: 1 శాతం. సెరిబ్రల్ పాల్సీ, కుష్ఠు నయమైనవాళ్లు, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు, మస్క్యులర్ డిస్ట్రఫీ కూడా ఇందులోనే
- ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం. వీటితో పాటు పై వాటిలో ఒకటి కంటే ఎక్కువ ఉన్న బహుళ వైకల్యం: అన్నీ కలిపి 1 శాతం

తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, మాట వైకల్యం ఈ జాబితాలో లేవు. ఈ సమస్యలతో బతుకుతున్న వాళ్లకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ ప్రస్తుతం చట్టం ఇంతే. ఒక దారి మాత్రం ఉంది. హీమోఫీలియా వల్ల కీళ్లు దెబ్బతిన్నా, మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల నడక దెబ్బతిన్నా, ఆ కదలిక లోపాన్ని విడిగా కొలవమని మెడికల్ బోర్డును అడగవచ్చు. అది 40 శాతం లేదా అంతకు మించి ఉంటే కాళ్లు చేతుల వైకల్యం కింద పరిశీలనకు వస్తుంది.

మరో మూడు సందేహాలు కూడా తరచూ వస్తాయి.

ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగుంటే ఎంత శాతం? కేంద్రం మార్గదర్శకాల పట్టిక ప్రకారం 30. కోటాకు కనీసం 40 ఉండాలి కాబట్టి ఇది సరిపోదు.

ఒక చెవి వినబడకపోతే? చెవుడు, వినికిడి లోపం రెండింటినీ రెండు చెవుల్లోనూ ఉన్న లోపంతోనే చట్టం నిర్వచించింది. రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70 ఉంటే చెవుడు.

పొట్టిగా ఉంటే? పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే మరుగుజ్జుతనం కింద పరీక్షకు వెళ్లవచ్చు.

2. సర్టిఫికెట్‌ను అక్షరం అక్షరం చదవండి

శాతం ఒక్కటే చూసి మడిచి పెట్టేయకండి. ఇవి సరిచూసుకోండి:

- పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా? సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఈ ఒక్క దగ్గరే. ఆధార్‌లో తప్పుంటే ముందు ఆధార్ సరిచేయించి, తర్వాత దీన్ని మార్పించండి.
- వైకల్యం రకం సరిగ్గా రాశారా? చూపు, వినికిడి రెండూ దెబ్బతిన్న మనిషికి ఒక్కటే రాసి వదిలేసిన సర్టిఫికెట్లు ఉంటాయి.
- శాశ్వతమా, తాత్కాలికమా? తాత్కాలికమైతే గడువు ఎప్పటి దాకా? నోటిఫికేషన్ తేదీకీ, పరిశీలన తేదీకీ రెండింటికీ చెల్లుబాటులో ఉండాలి.
- శాతం 40 లేదా అంతకు మించి ఉందా?

యూడీఐడీ కార్డు మీది చార రంగు చూసినా శాతం తెలుస్తుంది. తెలుపు 40కి లోపు, పసుపు 40 నుంచి 80 లోపు, నీలం 80, ఆపైన. ఈ కార్డులు ఇచ్చే స్వావలంబన్ పోర్టల్‌లో మీ నంబరు కొట్టి, కార్డు మీద ఉన్న వివరాలే అక్కడా వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ఇప్పుడే సరిచేయించుకోవాలి. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే అందదు.

సర్టిఫికెట్ ఇంకా లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాట్ అడగండి. తెలంగాణలో 2025లో యూడీఐడీ పద్ధతికి మారారు కాబట్టి ఆ పోర్టల్‌లోనో మీసేవలోనో దరఖాస్తు చేయాలి. క్యాంపుకు వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, ఆడియోగ్రామ్, కంటి రిపోర్టులు అన్నీ తీసుకెళ్లండి. డాక్టరు మీతో గడిపేది కొద్ది నిమిషాలే, మీ తరఫున ఆ కాగితాలే మాట్లాడాలి.

శాతం తగ్గించి వేశారనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేయవచ్చు. దానికి గడువు ఎంతో రాష్ట్ర నిబంధనల్లో ఉంటుంది. మీకిచ్చిన నోటీసులో గడువు రాసి ఉంటే దాన్నే పాటించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన పింఛన్ల రీ-వెరిఫికేషన్‌లో శాతం మారినవాళ్లు ఉద్యోగ దరఖాస్తుకు పాత సర్టిఫికెట్ వాడకండి.

హెచ్చరిక: "పది వేలు ఇస్తే 40 దాటిస్తాం" అనే బ్రోకర్లు ఆస్పత్రి గేటు దగ్గరే ఉంటారు. ఎంపికయ్యాక శాఖ మిమ్మల్ని మళ్లీ మెడికల్ బోర్డుకు పంపవచ్చు. అక్కడ తేడా వస్తే ఉద్యోగం పోతుంది. దివ్యాంగుల కోసం ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే 91వ సెక్షన్ కింద 2 సంవత్సరాల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

3. పేరు నమోదు చేయించుకోండి

జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్‌లో నమోదు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే అవుతుంది. నమోదులో దివ్యాంగుల వివరం తప్పకుండా నింపండి, రెన్యువల్ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో కూడా పేరు ఇవ్వండి. దివ్యాంగుల కోసమే ఉన్న దాని కేంద్రం ఒకటి హైదరాబాద్‌లో ఉంది, శిక్షణ, సలహా అక్కడ దొరుకుతాయి.

అసలు కన్నేసి ఉంచాల్సింది జిల్లా బ్యాక్‌లాగ్ నోటిఫికేషన్ల మీద. దివ్యాంగులకు కేటాయించి నిండకుండా మిగిలిన పోస్టులను ప్రత్యేక డ్రైవ్ పేరుతో జిల్లా స్థాయిలో భర్తీ చేస్తుంటారు. ఆఫీస్ సబార్డినేట్, జూనియర్ అసిస్టెంట్, టైపిస్ట్ లాంటివి ఉంటాయి. వీటికి పెద్దగా ప్రచారం జరగదు. జిల్లా వెబ్‌సైట్‌లో ఒక పీడీఎఫ్, పేపర్లో చిన్న ప్రకటన వచ్చి, కొద్ది రోజుల్లోనే గడువు అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో, తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో నెలకోసారి అడుగుతూ ఉండండి. సంఘాల వాట్సాప్ గ్రూపులో ఉండటం ఇంకా మంచిది. ఈ సమాచారం ముందుగా తెలిసేది వాళ్లకే.

4. నోటిఫికేషన్ చదవడం

ముందు పోస్టుల పట్టికలో వీహెచ్ (చూపు), హెచ్‌హెచ్ (వినికిడి), ఓహెచ్ (కాళ్లు చేతులు) అనే గళ్లు వెతకండి. మీ గడిలో పోస్టు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ పోస్టు మీ రకం వైకల్యానికి తగినదిగా గుర్తించారా అన్నది అనుబంధంలో ఉంటుంది. కేంద్రం 2021 జనవరి 4న ఇచ్చిన జాబితాలో 3,566 పోస్టులు ఇలా గుర్తించింది. రాష్ట్రాలు తమ పోస్టులకు తమ జీఓలు ఇస్తాయి. ఈ జాబితాలన్నీ పొడి అక్షరాలతో నిండి ఉంటాయి. తరచూ కనబడేవి ఇవి:

- ఓఏ: ఒక చేయి. బీఏ: రెండు చేతులు. ఓఎల్: ఒక కాలు. బీఎల్: రెండు కాళ్లు. ఓఏఎల్: ఒక చేయి, ఒక కాలు
- బీ: అంధత్వం. ఎల్‌వీ: తక్కువ చూపు. డీ: చెవుడు. హెచ్‌హెచ్: వినికిడి లోపం
- ఎస్: కూర్చుని చేసే పని. ఎస్‌టీ: నిలబడి చేసే పని. డబ్ల్యూ: నడక. ఎస్ఈ: చూడటం. ఆర్‌డబ్ల్యూ: చదవడం, రాయడం. ఎంఎఫ్: వేళ్లతో పని

ఈ గడిలో "ఎస్‌టీ" కనబడగానే గిరిజన రిజర్వేషన్ అనుకుని వదిలేస్తున్నవాళ్లున్నారు. అది కులానికి సంబంధించింది కాదు, నిలబడటం అని మాత్రమే.

మీ రెండు కాళ్లకూ లోపం ఉండి, పట్టికలో ఓఎల్ మాత్రమే ఉంటే దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళ్లిపోతుంది, తిరస్కరణ మాత్రం ఏడాది తర్వాత పరిశీలనలో వస్తుంది. అందుకే ఫీజు కట్టకముందే చూసుకోవాలి.

5. దరఖాస్తు నింపేటప్పుడు

వయసు సడలింపు సాధారణంగా 10 సంవత్సరాలు ఉంటుంది. పరీక్ష ఫీజు మినహాయింపు ఉందో లేదో ఆ నోటిఫికేషన్‌లోనే చూడండి. పీహెచ్ గడిలో "అవును" పెట్టి, ఉపవర్గం కూడా ఎంచుకోండి. ఇక్కడ ఖాళీ వదిలితే తర్వాత మార్చడానికి సవరణ గడువు తప్ప వేరే అవకాశం ఉండదు.

స్క్రైబ్, అంటే మీరు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి, కావాలా అన్న గడి అన్నిటికన్నా ముఖ్యం. అంధత్వం, రెండు చేతుల వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు అడిగితే స్క్రైబ్‌ను ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. మిగతావాళ్లు రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆస్పత్రి అధికారి సర్టిఫికెట్ పెట్టాలని కూడా వాటిలో ఉంది. 2025లో కేంద్రం వాటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, ఇప్పటి నియమం మీ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఉంటుంది, అంటే 3 గంటల పరీక్షకు ఒక గంట. 40 శాతం లేకపోయినా రాయలేని పరిస్థితి ఉంటే స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకోవాలా, వాళ్లే ఇస్తారా, స్క్రైబ్ చదువు ఎంత ఉండాలి అన్నవి నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి. ఆ పేజీ ప్రింట్ తీసి పరీక్ష హాలుకు తీసుకెళ్లండి. ఇన్విజిలేటర్‌కు నియమం తెలియక అదనపు సమయం ఇవ్వకపోతే, వాదనకు దిగి టెన్షన్ పడేకన్నా ఆ కాగితం చూపించి చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలవమనడం మేలు.

సరిచూసుకోవడానికి: సబ్మిట్ చేశాక పీడీఎఫ్ దించుకుని పీహెచ్, ఉపవర్గం, స్క్రైబ్, లోకల్ జిల్లా ఈ నాలుగు గళ్లు వేరే వాళ్లతో చదివించుకోండి.

6. మీ పోస్టు అసలు లెక్కలో ఉందా? రోస్టర్ అడగండి

"12 పోస్టులు వేశారు, పీహెచ్‌కి ఒక్కటీ లేదు, ఇది మోసం కాదా?" కావచ్చు, కాకపోనూ వచ్చు. 4 శాతాన్ని ఒక్కో నోటిఫికేషన్‌కు విడిగా లెక్కించరు. కేడర్‌లో, అంటే ఒకే రకం పోస్టుల వర్గంలో, నియామకాలను 100 పాయింట్ల రోస్టర్‌లో (ఎన్నో పోస్టు ఏ వర్గానికో చెప్పే వరుస పట్టికలో) వరుసగా నింపుకుంటూ వెళ్తారు, అందులో దివ్యాంగుల పాయింట్లు కొన్ని చోట్ల వస్తాయి. ఈసారి భర్తీ ఆ పాయింటు దాకా రాకపోతే పోస్టు ఉండదు. ఆ పాయింటు దాటిపోయినా పోస్టు చూపించకపోతే మాత్రం అడగాల్సిందే. ఏది నిజమో రిజిస్టరు చూస్తేనే తెలుస్తుంది, దానికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) ఉంది.

ఫీజు రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10. తెల్లకాగితం మీద ఇలా రాయవచ్చు:

"మీ శాఖలో జూనియర్ అసిస్టెంట్ కేడర్‌కు సంబంధించి కింది సమాచారం, నకళ్లు ఇవ్వగలరు.
1. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు ఎన్ని?
2. 2017 ఏప్రిల్ 19 తర్వాత జరిగిన ప్రత్యక్ష నియామకాల రోస్టర్ రిజిస్టరు నకలు.
3. దివ్యాంగుల రోస్టర్ పాయింట్లలో భర్తీ అయినవి, బ్యాక్‌లాగ్‌గా ఉన్నవి, ఏ సంవత్సరం నుంచి అన్న వివరం.
4. ఈ కేడర్‌ను దివ్యాంగుల రిజర్వేషన్ నుంచి మినహాయించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు.
5. దివ్యాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ కింద నియమించిన గ్రీవెన్స్ అధికారి పేరు, హోదా."

2017 ఏప్రిల్ 19 ఎందుకంటే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది ఆ రోజే.

ఇక్కడ జరిగే తప్పు "ఎందుకు ఇవ్వలేదు?" అని రాయడం. ఆర్టీఐ కింద ఉన్న రికార్డు ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. "నకలు ఇవ్వండి" అనే మాటే వాడండి. జవాబుకు 30 రోజులు గడువు. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

రిజిస్టరు చేతికొచ్చాక బ్యాక్‌లాగ్ గడి జాగ్రత్తగా చూడండి. తగిన అభ్యర్థి దొరకకపోతే ఆ ఖాళీని వచ్చే నియామక సంవత్సరానికి తీసుకెళ్లాలి. అప్పుడూ దొరకకపోతే ముందుగా మరో రకం వైకల్యం ఉన్నవాళ్లకు మార్చి ఇవ్వాలి. దివ్యాంగులెవరూ దొరకనప్పుడే ఇతరులకు. అంటే వినికిడి లోపం పోస్టు రెండో ఏడు కూడా మిగిలితే, ఓహెచ్ అభ్యర్థిగా మీరు దాన్ని అడగవచ్చు. ఈ మార్పిడి గురించి తెలియక ఎన్నో పోస్టుల మీద ఎవరూ దరఖాస్తే పెట్టరు.

7. ఫిర్యాదు ఎక్కడ, ఏ వరసలో

ప్రతి ప్రభుత్వ సంస్థ ఒక గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారిని నియమించాలి. మొదటి ఫిర్యాదు ఆయనకే. రెండు వారాల్లో విచారించాలని చట్టంలో ఉంది. సంతృప్తి కలగకపోతే జిల్లా స్థాయి దివ్యాంగుల కమిటీకి వెళ్లవచ్చు. గ్రీవెన్స్ అధికారే లేరని చెబితే ఆ మాటనే రాతపూర్వకంగా తీసుకోండి, అదే ఒక ఉల్లంఘన.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అర్జీ ఇచ్చి రసీదు నంబరు తెచ్చుకోండి. మామూలు పనులకు ఇదే త్వరగా తెములుతుంది. రోస్టర్ ఉల్లంఘన లాంటి వాటికి మాత్రం రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరికే వెళ్లండి. సాక్షులను పిలవడానికి, రికార్డులు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఆయన సిఫారసు చేస్తే ఆ శాఖ 3 నెలల్లో తీసుకున్న చర్య చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి.

ఫిర్యాదు ఒక పేజీకి మించకూడదు. మీరెవరు, ఏ పోస్టు, ఏ నోటిఫికేషన్ నంబరు, రోస్టర్‌లో ఏ పాయింటు, మీకు కావాల్సిన పని ఏమిటి. కుటుంబ కష్టాలు రెండు పేజీలు రాసి అసలు కోరిక చివర్లో ఒక్క వాక్యంలో పెట్టిన అర్జీలు పక్కన పడిపోతాయి. మీ కష్టం చిన్నదని కాదు, ఫైలు చూసే మనిషి నోటిఫికేషన్ నంబరు కోసం వెతుకుతారు.

ప్రైవేటు ఉద్యోగం చూసుకునేవాళ్లకు

ప్రైవేటు కంపెనీల్లో ఈ 4 శాతం కోటా లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులను తీసుకునేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే 35వ సెక్షన్ చెబుతుంది. అయినా 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం, దివ్యాంగ ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఒక లైజన్ అధికారి ఉండాలి. ఇంటర్వ్యూకు ముందు హెచ్ఆర్‌ను ఆ విధానం పంపమని మర్యాదగా అడగండి. ర్యాంపు, స్క్రీన్ రీడర్, సైగల భాషా అనువాదకులు లాంటివి ఏం కావాలో ముందే చెప్పండి. ఈఎస్ఐ జీతం పరిమితి మామూలు ఉద్యోగులకు 21,000 అయితే దివ్యాంగులకు 25,000. జీతం 21,000 దాటిందని మీ ఈఎస్ఐ తీసేస్తే ఈ మాట గుర్తు చేయండి.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే

ప్రమాదం జరిగి కాలు పోయిందనో, చూపు తగ్గిందనో ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. 20వ సెక్షన్ నాలుగో భాగం ఇదే చెబుతుంది. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అది కూడా లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. రంగులు గుర్తించలేని కారణంగా ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు అదే జీతం స్థాయిలో తగిన ఉద్యోగం ఇవ్వాలని, బకాయిల్లో 25 శాతం చెల్లించాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ స్థితిలో ఉన్నవాళ్లు ముందుగా చేయాల్సింది ఒక్కటే: "అనారోగ్య కారణంగా స్వచ్ఛందంగా విరమిస్తున్నాను" అనే కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకండి. మెడికల్ బోర్డు రిపోర్టు నకలు తీసుకుని, 20వ సెక్షన్ నాలుగో భాగం పేరు రాసి, ప్రత్యామ్నాయ పోస్టు కోరుతూ శాఖాధిపతికి రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చాక దాన్ని ఆ రిపోర్టుకే పిన్ చేసి పెట్టుకోండి. జవాబు రాకపోతే కమిషనర్ దగ్గర చూపించాల్సిన మొదటి కాగితాలు ఆ రెండే.